నిండుకున్నాయి

జమ్మలమడుగు బస్టాండులో బస్సు ఆగింది, డ్రైవరు టీకని దిగాడు, దిగినవాడు ఆ కాస్త టీని పాయసంలా చప్పరిస్తూ నిలబడ్డాడు. కిటికీ పక్కన కూర్చున్న మంజుశ్రీకి ఒళ్ళు మండుతోంది, ఎవరి మీద మండాలో మాత్రం తెలియడం లేదు, అందుకని ఇయర్‌ఫోను మళ్ళీ చెవిలో పెట్టుకుని గురమ్మ గొంతు మళ్ళీ విన్నది. నీళ్ళు నిండుకున్నాయి నాయనా. ముందొక దగ్గు, వెనక ఎక్కడో ఒక మేక, మధ్యలో ఈ మాట. ప్రొద్దుటూరులో ఇంట్లో విన్నది, బస్సెక్కాక విన్నది, ఇప్పుడూ విన్నది. ఒకసారి వింటే తొట్టి అంచుల దాకా నీళ్ళు మెరుస్తూ కనిపిస్తాయి, ఇంకోసారి వింటే అదే తొట్టి అడుగున పాచి ఎండి పెచ్చులు లేచి కనిపిస్తుంది. పుట్టినప్పటినుంచీ తెలుగే మాట్లాడే మనిషికి ఒక్క తెలుగు మాట ఇటో అటో తేలకపోవడం ఏం ఖర్మ, అందులోనూ తేల్చవలసింది తనే అయినప్పుడు. పొద్దున్నే తెలియని నంబరు నుంచి ఫోను వస్తే ఏ లోన్ల వాళ్ళో అనుకుని విసుగ్గానే ఎత్తింది.

"అక్కా, నేను నాసిర్, పులివెందుల నుంచి. ట్యాంకరు నింపి పెట్టినా. బోరుకాడ కరెంటు పోయింది, ఈ పొద్దుకు ఒకటే ట్రిప్పు. రెండూళ్ళుండాయి. ఒకూర్లో సగం ఉండాయంటాండారు. గురమ్మ వాళ్ళ ఊరు నిన్నా ఈ పొద్దూ నిండినాయని కంప్యూటరు పచ్చగా చూపిస్తాంది. ఆడికి నేను ట్యాంకరు పంపి వారమాయ, ఎట్ల నిండినాయి? ఆ ముక్క రాసింది నువ్వేనంట గదా. యాడికి పంపల్ల నువ్వే చెప్పు."

ఫోను పెట్టేసి గురమ్మ గొంతు రికార్డు కూడా పంపాడు. నాసిర్ అనే మనిషి ఉన్నాడని కూడా ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఎండాకాలం పల్లెలకు నీళ్ళ ట్యాంకర్లు తోలే ఒక చిన్న సంఘంలో అతను పని చూస్తాడట. ఊరికొకరు పొద్దున్నే ఒక నంబరుకు ఫోను చేసి ఊరి తొట్టి సంగతి ఒక్క ముక్కలో చెబుతారట, కంప్యూటరు ఆ గొంతును రాతగా మారుస్తుందట, ఆ రాత చదివి నీళ్ళుంటే పచ్చ, సగమైతే పసుపు, లేకపోతే ఎరుపు చూపిస్తుందట. చదివి తేల్చే ఆ ముక్క మంజుశ్రీ రాసిన లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాములో అతికించుకోగల ఒక చిన్న ప్రోగ్రాము. పేరు అంగడిమాట. ఎప్పుడో రాసి, మూట కట్టి, పేరూ, ఎన్నో విడతదో చెప్పే నంబరూ వేసి, ప్రపంచంలో ఉన్న ప్రోగ్రామర్లందరూ తెచ్చి పెట్టే ఉమ్మడి గోదాములో తనదీ ఒక మూలన పెట్టింది. కావలసినవాడు అక్కడికొచ్చి ఎత్తుకుపోతాడు, అడగక్కరలేదు, చెప్పక్కరలేదు. ఎంతమంది ఎత్తుకుపోయారో ఒక అంకె కనిపిస్తుంది గానీ ఎవరో కనిపించదు. ఆ అంకె పెరుగుతుంటే ఆమెకు మురిపెం. ఎక్కడో జర్మనీలోనో సింగపూర్‌లోనో తెలుగు మీద పరిశోధన చేసేవాళ్ళు వాడుతున్నారని ఊహించుకునేది, కళ్ళద్దాలు కూడా పెట్టేది వాళ్ళకి. లింగాల అవతల గుట్ట కింద ఇళ్ళలో ఒక గురమ్మ తన మాటను ఈ మూటలోంచి పోనిచ్చి నీళ్ళకోసం ఎదురుచూస్తుందని కలలో కూడా అనుకోలేదు. అనుకుని ఉంటే ఏమైనా చేసేదా అంటే, ఏమో, నిద్ర మాత్రం కొంచెం తక్కువ పోయేది.

డ్రైవరు వచ్చాడు, బస్సు కదిలింది, గండికోట చూసొచ్చిన కాలేజీ పిల్లలు వెనక సీట్లలో సర్దుకున్నారు, పెన్న మీది వంతెన ఎక్కగానే ఎవరో కిటికీలోంచి తల బయట పెట్టి కండక్టరు చేత తిట్టు తిన్నారు. కింద ఇసుక. ఇసుక మధ్య ఒక సన్నని పాయ, దాన్ని కూడా నీళ్ళనే అనాలి. ఈ వంతెన మీదుగా నాన్న పులివెందుల అంగళ్ళకు సరుకు పంపేవాడు. గోతాం మూతి పురికొసతో కుట్టి, మీద ఎర్ర రంగుతో అంగడి గుర్తు వేసి, బస్సు పైకెక్కించి, డ్రైవరు చేతిలో చీటీ పెట్టేవాడు. ఒకసారి కందిపప్పు గోతానికి బదులు పురుగుపట్టిన పెసల గోతాం ఎక్కింది. నాన్న స్కూటరు మీద బస్సు వెంటబడి జమ్మలమడుగు బస్టాండులో, ఇందాక ఆ డ్రైవరు టీ తాగిన చోటే, గోతాం దించుకుని వెనక్కి తెచ్చాడు. లుంగీ అంతా దుమ్ము, మొహం నిండా నవ్వు, పోనీలే గోతాం దొరికింది అని. మంజుశ్రీ గోతాం వెంట ఏ స్కూటరూ పోదు. ఒకసారి గోదాము దాటిందా, ఎవడి కంప్యూటరులో పడిందో అక్కడే ఉంటుంది. తప్పున్నది, వాడవద్దు అని ఆ నంబరు మీద ఒక ముద్ర వేయగలదు, పొద్దున వేసింది కూడా. ఆ ముద్ర కొత్తగా వచ్చేవాళ్ళకే. ముందే తీసుకుపోయి, ఇదే నంబరు, ఇక మారేది లేదు అని బిగించుకున్నవాళ్ళ దగ్గరికి ఆ ముద్ర పోదు. నాసిర్ ఆఫీసులో దాన్ని పెట్టినాయన అట్లాగే బిగించి, బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు, అక్కడినుంచి మంజుశ్రీ ఫోను నంబరు వెతికి ఇవ్వడం తప్ప ఆయన చేయగలిగిందేమీ లేదు. నాసిర్‌కు ట్యాంకర్లు తెలుసు, వాల్వులు తెలుసు, ఏ ఊరి దారిలో ఏ గుంత ఉందో తెలుసు, ఆ కంప్యూటరులో మీట నొక్కడం తప్ప ఇంకేం తెలియదు. మారిస్తే మంజుశ్రీయే పోయి చేత్తో మార్చాలి. అందుకే ఈ బస్సు.

తప్పు ఎక్కడిది అని వెతుక్కుంటూ పోతే జేజి దగ్గర తేలుతుంది. జేజి కామాక్షమ్మ, ప్రొద్దుటూరులో కిరాణా అంగడి గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఒక్కనాడూ లేదు అన్న మాట అనని మనిషి. అంగట్లో లేదు అంటే లక్ష్మి వింటుంది, ఇంట్లో అయిపోయింది అంటే తథాస్తు దేవతలు వింటారు. అందుకని బెల్లం ఖాళీ అయితే బెల్లం నిండుకున్యాది, రేపు రాండి అనేది. పిల్లప్పుడు మంజుశ్రీ ఆ మాట నమ్మి, నిండుకుందట కదా అని స్టూలేసుకుని బెల్లం డబ్బాలో తల దూర్చింది. లోపల వాసన తప్ప ఏమీ లేదు, రెండు చీమలున్నాయి, అవి కూడా దిక్కులు చూస్తున్నాయి. దీపం కొండెక్కింది అంటే వాకిట్లోకి పరుగెత్తి కొండ వైపు చూసేది. అమ్మ మెడలో నల్లపూసలు తెగితే పెరిగినాయి అన్నారని, ఎంత పెరిగాయో చూపించమని ఏడ్చింది. మాటొకటి, అర్థం దానికి సరిగ్గా ఎదురు. మనుషులు భయపడి అట్లా చేశారని కొందరంటారు గానీ, జేజి మొహంలో భయం ఎప్పుడూ చూడలేదు. ఒక మర్యాద ఉండేది, ఉన్నవాటి ముందు లేనివాటి గురించి మాట్లాడకపోవడం లాంటిది. పెద్ద అంగడి నుంచి సరుకు రాసుకోవడానికి వచ్చే నాగేశ్వరయ్య కూడా ఏమేం లేవు అని అడిగేవాడు కాదు. చెప్పులు బయట విడిచి, మంచినీళ్ళు తాగి, ఏం పంపమంటావమ్మా అనేవాడు. జేజి వేళ్ళు మడిచి చెప్పేది. ఆ అంగడి మాటలన్నీ పోకుండా ఉండాలనే మంజుశ్రీ ఆ లైబ్రరీ రాసింది, చిన్న అంగళ్ళవాళ్ళు సరుకు సంగతి ఫోనులో చెబితే కంప్యూటరు తప్పుగా వినకుండా. నిండుకుంది అంటే లేదు. మొట్టమొదట రాసిన వరుస అదే, రాసి ఒక్కతే కూర్చుని నవ్వుకుంది, డబ్బాలో చీమలు గుర్తొచ్చి.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోనివ్వరు కదా. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మర్యాదగానే రాశాడు, మా అపార్టుమెంటులో ట్యాంకు నిండుకుంది అంటే మీ లైబ్రరీ ఖాళీ అంటోంది, మోటరు ఆగడం లేదు, మెట్ల మీద జలపాతం అని. ఆమె డాబా మీదికి చూసింది. నిజమే. వాళ్ళ ఇంట్లో అమ్మ రోజూ అరిచే అరుపే, ట్యాంకు నిండుకునింది, మోటరు ఆపండి అని. పత్రికలో కూడా వానలు పడ్డప్పుడు చెరువులు నిండుకున్నాయి అని వేసి, కింద అలుగు పారుతున్న ఫోటో వేస్తారు. బియ్యానికి నిండుకోవడం వేరు, నీళ్ళకు నిండుకోవడం వేరు, ఎంత చక్కగా తేలిపోయింది. పప్పూ ఉప్పూ అయితే లేదు, నీళ్ళయితే నిండింది అని ఒక వరుస చేర్చింది. చిన్న మరమ్మతే కదా అని నంబరులో చివరి అంకె ఒక్కటే మార్చి పంపింది. మూడంకెల నంబరు అది. చివరిది మారితే చిన్న కుట్టు వేశామని అర్థం, ఎవరూ తిరిగి చూడరు, కంప్యూటర్లే వాటంతటవే కొత్తది తెచ్చి పెట్టుకుంటాయి. మధ్యది మారితే కొత్త సరుకు చేరిందని. మొదటిది మారితే మాత్రం జాగ్రత్త, పాత అలవాటు చెల్లదు, చదివి చూసి తీసుకోండి అని. నీళ్ళకు అర్థం తిప్పేసి చివరంకె మార్చింది. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే మనిషి చేసే తప్పు ఇది. నీళ్ళు కూడా బెల్లంలా డబ్బాలో అయిపోయే చోట, నీళ్ళ ముందు కూడా లేవు అనకూడని చోట, ఆడవాళ్ళు అదే మాట వాడతారని తట్టలేదు. జేజి మాటను జేజి కంటే బాగా తెలుసుననుకుంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, మామూలు సిగ్గు కాదు, చెవులు వేడెక్కే సిగ్గు.

ముద్దనూరు దాటింది. ఎండ రాళ్ళ మీద పడి తిరిగి మొహానికి కొడుతోంది. అయితే గురమ్మ తొట్టి ఖాళీ అన్నమాటేనా. అట్లా అనడానికీ లేదు, అదే కదా చావు. మొన్న రాత్రి లింగాల పక్క గాలివాన పడిందని నాసిరే చెప్పాడు, ఎంత పడిందో ఎవరికీ తెలియదు, ఒక ఊళ్ళో రేకులు లేచిపోతే పక్క ఊళ్ళో దుమ్ము కూడా తడవదు. వాన నీళ్ళకు తొట్టి నిజంగా నిండితే ఆ ముసలామె మురిసిపోయి ఇదే మాట అనదా. అంటుంది. ఖాళీ ఊరిని వదిలేసి సగమున్న ఊరికి ట్యాంకరు పోతే గురమ్మ వాళ్ళకు రేపటిదాకా దిక్కులేదు, ఈ ఎండలో. నిండిన తొట్టికి ట్యాంకరు పోతే సగమున్నవాళ్ళు రేపటికి అడుగంటుతారు, నాసిర్ మాట ఆ ఊళ్ళో చెల్లదు. నాసిర్ దగ్గర నంబరు తీసుకుని గురమ్మకు ఫోను చేస్తే స్విచ్చాఫ్. కరెంటు లేదు, చార్జింగు ఎక్కడిది. నాసిర్ మంజుశ్రీకి రెండుసార్లు చేశాడు, డ్రైవరు ట్యాంకరెక్కి కూర్చున్నాడంట, భోజనానికి పోతానంటున్నాడంట. పక్క సీట్లో చీనీకాయల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని ఒకావిడ కునికిపాట్లు పడుతోంది. ఉండబట్టలేక మంజుశ్రీ ఆమెను కదిలించింది.

"అక్కా, నీళ్ళు నిండుకున్నాయంటే ఏంది అర్థం? ఉండాయనా, లేవనా?"

ఆవిడ కళ్ళు తెరిచి, పిల్ల బాగానే ఉందా అన్నట్టు ఒకసారి చూసింది. "ఎవురన్యారు? యాడన్యారు? వంటింట్లోనా, చెరువుకట్ట మీదనా? మొగం చూస్తే తెలీదా," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

మొహం చూస్తే తెలుస్తుంది. అంత పెద్ద గోదాములో, లక్షల మూటల్లో, మొహం పెట్టి పంపిన మూట ఒక్కటీ లేదు. కంప్యూటరుకు ఉన్నది రెండే గదులు, అవునూ కాదూ, సగం అన్నది ఏదో దయతలచి కట్టిన వరండా. తెలియలేదు అని చెప్పే గదిని తను కట్టనే లేదు. కట్టాలి. తేలనప్పుడు తేలలేదని చెప్పాలి, మళ్ళీ అడగాలి. కానీ అది చిన్న కుట్టు కాదు, అవును కాదు మాత్రమే వస్తాయని నమ్మినవాళ్ళ ప్రోగ్రాములన్నీ మూడో మాట వినగానే పడకేస్తాయి. మొదటి అంకె మార్చాలి. మారిస్తే ఎవరూ వెంటనే తీసుకోరు, చదివి, చూసి, తీరికున్నప్పుడు తీసుకుంటారు, అందాకా వాళ్ళ తెరల మీద అబద్ధపు పచ్చ వెలుగుతూనే ఉంటుంది. చివరంకె మార్చి దొంగతనంగా పంపేస్తే అందరికీ రాత్రికి రాత్రే చేరుతుంది, చేరి ఎవరెవరి అంగళ్ళో పొద్దున్నే మూగబోతాయి. పోయినసారి అట్లా అడగకుండా పంపడం వల్లనే కదా ఇదంతా. అడగాలి. సరే, ఏమని అడగాలి. ఉన్నాయా లేవా అనా. జేజిని ఎవరైనా అట్లా అడిగి ఉంటే ఆ పూట అంగట్లోకి మళ్ళీ రానిచ్చేదా. గుట్టల మధ్య సిగ్నలు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది, ఫోను కిటికీకి ఆనించి పట్టుకున్న చేయి చెమట పట్టింది. ఇంకోసారి కొట్టింది. ఈసారి మోగింది, ఎక్కడో చార్జింగు దొరికినట్టుంది. మోగుతూనే ఉంది.

"ఎవురూ?" అదే దగ్గు.

"గురమ్మవ్వా, నేను మంజుశ్రీ, నీళ్ళ ట్యాంకరు వాళ్ళ తరఫున. తొట్లో నీళ్ళ సంగతి పొద్దున చెప్పినావు గదా."

"చెప్తి. నిన్న చెప్తి, ఈ పొద్దూ చెప్తి. నిండుకున్నాయమ్మా."

"అంటే, అవ్వా, ఉండాయా, లేవా?"

లైను పోయిందనుకుంది, పోలేదు, మేక వినిపిస్తోంది, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు సన్నగా వినిపిస్తోంది. గురమ్మ నొచ్చుకున్న గొంతుతో, "బిడ్డపుట్టిన ఇల్లమ్మా ఇది. ఏం మాటలడుగుతాండావు. నిండుకున్నాయని చెప్తి గదా," అంది. ఆ గొంతులో ఉన్నాయో లేవో మంజుశ్రీకి ఇప్పటికీ తెలియలేదు, తెలిసినట్టే ఉంది గానీ తెలిసినట్టుండడం మీద ఒక్కసారి నమ్మకం పెట్టి చూసింది కదా, చాలు. ముసలామె ఫోను పెట్టేసేట్టుంది. అప్పుడు ఎక్కడినుంచో చెప్పులు విడిచిన చప్పుడు, రాగిచెంబులో మంచినీళ్ళు, నాగేశ్వరయ్య గొంతు, జేజి మడిచిన వేళ్ళు.

"అవ్వా, ట్యాంకరు పంపమంటావా?"

"పంపు తల్లీ," అంది గురమ్మ, ఒక్క క్షణం ఆలోచించలేదు, ఆ మాట కోసమే రెండు దినాలుగా నోరు తెరుచుకుని కూర్చున్నట్టు. "పంపు. బాలింతకు కాగబెట్టి ఇద్దామన్యా చెంబెడు కోసం పక్కూరికి పోతాండాము. చెప్తానే ఉండా, ఎవురూ రాకపోతిరి. నా మాట ఇనపళ్ళేదేమో అనుకున్యా."

మంజుశ్రీకి ఏడుపొచ్చింది, బస్సులో ఏడవకూడదని పళ్ళు బిగించి నాసిర్‌కు కొట్టింది, గురమ్మ వాళ్ళూరికి, ఇప్పుడే, అన్నది. "పచ్చగా చూపిస్తాందే అక్కా," అన్నాడతను. "అది నేను వేసిన పచ్చ, దాన్ని నమ్మొద్దు, పంపించు," అన్నది. ఇనపళ్ళేదేమో. వినపడింది, అన్ని అక్షరాలూ సరిగ్గా వినపడ్డాయి, రాతగా మారాయి, తన మూటలోకి వచ్చాయి, తను దాన్ని తలకిందులు చేసి పంపింది. ఇంకెక్కడెక్కడ ఎవరెవరు ఇట్లాగే చెబుతున్నారో, ఏ తెర మీద ఏ పచ్చ వెలుగుతోందో, వాళ్ళకు ఫోను చేద్దామంటే నంబర్లు లేవు, పేర్లు లేవు, ఉన్నదంతా తను ఇన్నాళ్ళు మురిసిపోయిన ఒక అంకె. పులివెందుల పొలిమేరల్లో చీనీతోటలు కనిపించేదాకా ఆ అంకెనే తలుచుకుంటూ కూర్చుంది. పక్కావిడ దిగిపోతూ ఒక చీనీకాయ ఆమె ఒళ్ళో పెట్టింది.

నాసిర్ ఆఫీసంటే ఒక రేకుల గది, ఒక ఫ్యాను, ఒక కంప్యూటరు. మంజుశ్రీ అక్కడే కూర్చుని తేలలేదు అనే గది కట్టింది, బిగించి ఉన్న పాత నంబరును విప్పి, మొదటి అంకె మార్చిన కొత్తదాన్ని చేత్తో ఎక్కించింది. మారినది ఏమిటో, ఎందుకో, తప్పు తనదేనని, నీళ్ళకోసం వాడేవాళ్ళు వెంటనే తీసుకోమని, గోదాములో తన మూట మీద అందరికీ కనిపించేట్టు రాసింది, కింద తన ఫోను నంబరు వేసింది. సాయంత్రం కావస్తుండగా తెర మీద ఒక వరుస కదిలింది. గురమ్మే. స్పీకరులో దగ్గు వినిపించింది, తర్వాత పొద్దుటి మాటే, పొద్దుటి మూడు ముక్కలే. నీళ్ళు నిండుకున్నాయి నాయనా. తెర పచ్చగా మారలేదు, ఎర్రగానూ మారలేదు, తేలలేదు, అడగండి అని తెల్లగా నిలబడింది. నాసిర్ మంజుశ్రీ వైపు చూశాడు. ఏమని అడగాలో ఆమె ఇందాకే చెప్పింది. అతను ఫోను తీసి, కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుని, "అవ్వా, ట్యాంకరు పంపమంటావా?" అని అడిగాడు.

"ఇంకేటికి నాయనా," అంది గురమ్మ. వెనక బిందెలు తగులుతున్న చప్పుడు, ఆడవాళ్ళ మాటలు. "పొర్లిపోతాండాయి. సాలు."